అత్తగారి సన్యాసం

"ఆ మూకుడు నేను ముట్టను. పౌర్ణమి పూట అందులో పంది మాంసపు ఉండలు వేయించింది నీ పెళ్లాం," అంది ఫెంగ్‌షియెన్ కొడుకుతో.

"వేడినీళ్లతో తోమాను అత్తయ్యా," అంది సుజెన్.

"తోమితే పాపం పోతుందా? పాడ్యమికీ పౌర్ణమికీ కూడా నన్ను నోరు కట్టుకోనివ్వరు ఈ ఇంట్లో. మఠానికి పోతా. గుండు చేయించుకుంటా."

ఇది కొత్త మాట కాదు. పులుసులో ఉప్పు ఎక్కువైనా, మనవరాలు ఎదురు చెప్పినా, కోడలు చెప్పులు వంకరగా విడిచినా ఆవిడ గుడ్డసంచీలో బట్టలు కుక్కుకునేది. కొడుకు దామింగ్ గుమ్మానికి అడ్డం నిలబడి బతిమాలేవాడు. కోడలు క్షమాపణ చెప్పేది. మర్నాడు అదే సంచీతో ఆవిడ బజారుకెళ్లి కూరగాయలు తెచ్చేది. యాంగ్‌జౌ పట్నంలో ఆ వీధి వీధంతా ఎరిగిన సంగతే.

ఈసారి దామింగ్ లేవబోతుంటే సుజెన్ ఆపింది.

"మీరు కూర్చోండి. అత్తయ్యని నేను దింపి వస్తా."

ఫెంగ్‌షియెన్ సంచీ వైపు చూసింది. కొడుకు వైపు చూసింది. ఇప్పుడు తగ్గితే పరువు పోతుంది.

"పద," అంది.

మఠం వాకిట్లో విరాళాల డబ్బాకి క్యూఆర్ కోడ్ అంటించి ఉంది. దాని పక్కనే ముక్కాలిపీట మీద కూర్చుని పెద్ద భిక్షుణి చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"మా అత్తయ్య సన్యాసం పుచ్చుకుంటానంటున్నారు," అంది సుజెన్.

"ఊళ్లో సగంమంది అత్తలు అంటూనే ఉంటారు," అంది భిక్షుణి తలెత్తకుండా. "కూర్చోండి."

"పొద్దున్నే లేవాలా అమ్మా?" అని అడిగింది సుజెన్.

"కోడికన్నా ముందు."

"ఇంట్లోనూ అంతేలెండి. మరి వంట?"

"వంతులు. నెలకోసారి పడుతుంది."

"నెలకోసారేనా? మిగతా రోజులు ఎవరో వండిపెడతారా?"

"వండి, గంట కొట్టి పిలుస్తారు. ఉల్లి, వెల్లుల్లి మాత్రం ఉండవు."

ఫెంగ్‌షియెన్ సంచీ ఒళ్లోకి లాక్కుంది. పౌర్ణమి నాడు కూడా ఆవిడ వెల్లుల్లిని కూరగాయల కిందే జమకట్టేది.

"గదికి ఎందరు?" అంది సుజెన్.

"ఒక్కరే. లోపల గడియ ఉంటుంది."

"ఇంట్లోవాళ్లు చూడ్డానికొస్తే?"

"మొదటి ఏడాది రానివ్వం. ఫోనూ ఉండదు."

"అస్సలా?"

"అస్సలు."

"చూశారా అమ్మా," అంది ఫెంగ్‌షియెన్ ఉక్రోషంగా. "నన్ను బెదరగొట్టడానికి ఎలా గుచ్చి గుచ్చి అడుగుతోందో."

భిక్షుణి చేతులు ఆగాయి. సుజెన్ ముఖంలోకి కాసేపు చూసి, అత్తగారి వైపు తిరిగింది.

"మీ వయసెంత?"

"అరవై ఎనిమిది."

"అరవై దాటినవాళ్లని తీసుకోం."

ఫెంగ్‌షియెన్ ముఖం వెలిగి, వెంటనే ముడుచుకుంది. "అంటే ముసలివాళ్లు బుద్ధుడికి కూడా బరువేనన్నమాట," అంటూ దణ్ణం పెట్టి లేచింది. మోకాళ్ల నొప్పి మాటే మరిచి గేటుదాకా చరచరా నడిచింది. సుజెన్ వెనక ఆగి భిక్షుణితో ఏదో మాట్లాడి వచ్చింది. తన తరఫున క్షమాపణ చెప్పి ఉంటుందిలే అనుకుంది అత్తగారు.

సాయంత్రం భోజనాల దగ్గర ఆవిడకి పట్టపగ్గాల్లేవు.

"నన్ను వదులుకోలేక పెద్ద భిక్షుణి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇంత భక్తి ఎక్కడా చూడలేదంది. ఏం చేస్తాం, రూలు." అదే మూకుట్లో వండిన కూర మారు వడ్డించుకుంది.

"పోనీ గుండు ఇంట్లోనే చేయించుకో నానమ్మా," అంది మనవరాలు యిటోంగ్.

"నోర్మూసుకుని తిను."

దామింగ్ నవ్వాపుకుంటూ భార్యని మెచ్చుకోలుగా చూశాడు. "భలే మందు వేశావు. ఇన్నేళ్లుగా నాకు తట్టలేదు చూడు. ఇక ఈ ఇంట్లో మఠం మాట ఎవరూ ఎత్తరు. ఏదీ, ఇంకాస్త సూప్ పొయ్యి."

సుజెన్ అతనికి పోసింది. కూతురికి పోసింది. అత్తగారి గిన్నె నింపింది. గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ముగ్గురికీ వినబడేలా నెమ్మదిగా చెప్పింది.

"విడాకులు తీసుకుని వస్తే నన్ను చేర్చుకుంటామన్నారు."