మోలీ చేపకు క్యాన్ నీళ్లు

"బోరు నీళ్లు మాత్రం వద్దు. క్యాన్ నీళ్లే."

కుళ్లాయప్ప ఈ మాట అన్నది గాజు తొట్టెలోని చేపల వైపు చూస్తూ. అడిగిన ఈశ్వరేమో ఆయన వెనకాల, అంగడి గడప దగ్గర, కొంగు నిండుగా కప్పుకుని నిలబడి ఉంది.

ఓబిలేష్‌కు నవ్వు ఆగలేదు. రాయదుర్గంలో ఆ చేపల అంగడి పక్కనే అతను సెల్‌ఫోన్ రిపేరు అంగడి పెట్టి రెండు నెలలైంది. సొంతూరు చిలమత్తూరు. ఇక్కడ ఎవరి సంగతీ తెలియదు. పని లేనప్పుడల్లా వచ్చి కుళ్లాయప్ప స్టూలు మీద కూర్చుని, అడగని మాట ఒకటి విసరడం అలవాటు.

"చేపకు క్యాన్ నీళ్లేందన్నా! ఆ నీళ్లలో సత్తువే ఉండదంట. వీడియోలో చెప్పినారు."

"అట్లయితే పోయి వీడియోవాణ్ణే అడుగు. ముందు స్టూలు ఇయ్యి. ఆ పాప గుమ్మఘట్ట నుంచి బస్సులో నిలబడి వచ్చింటాది."

ఓబిలేష్ గొణుక్కుంటూ లేచాడు. ఈశ్వరి కూర్చుంది.

ఆమె రావడం ఇది ఆరో ఆదివారం. ప్రతిసారీ ఒకటే సంగతి. ఇంట్లో మోలీ చేప కడుపుతో ఉంది, ఏం చెయ్యాలి? కుళ్లాయప్ప మొహం చూడకుండానే చెబుతాడు. ఆమె ఒక్క మాట జారనీయకుండా వింటుంది. ఏమీ కొనదు. పోయేటప్పుడు మేత పొట్లం ఆయనే చేతిలో పెట్టి పంపుతాడు.

ఇందులో ఏదో మతలబు ఉందని ఓబిలేష్ అనుమానం. చేపల అంగళ్లవాళ్ల మాటల మీద అతనికి నమ్మకం లేదు. ఇక్కడ కొన్న నాలుగు గోల్డ్ ఫిష్‌లూ వారం తిరక్కుండా వెల్లకిలా తేలాయి మరి. ట్యాంకరు నీళ్లు నేరుగా పోయొద్దని కుళ్లాయప్ప మొత్తుకున్నా తాను వినలేదు, అది వేరే సంగతి.

"ఏం పెట్టినా ముట్టట్లేదు," అంది ఈశ్వరి.

"దినామూ ఒకటే మేతయితే యాడ తింటాది? ఉడకబెట్టిన ఆకుకూర ఇంత వెయ్యాల. కొంచెం కొంచెం, నాలుగైదు తూర్లు. మద్యాన్నం ఎండ తగలనీగూడదు. కుదుపులు అసలే పనికిరావు."

"కుదుపులా? తొట్టెలో చేప యాడికి పోతాదన్నా?"

ఓబిలేష్‌ను ఎవరూ పట్టించుకోలేదు.

"పోయిన తూరి..." ఈశ్వరి కొంగు సర్దుకుంది. "పోయిన తూరి పిల్లలు దక్కలేదు."

కుళ్లాయప్ప చేతిలోని వల నీళ్లలోనే ఆగిపోయింది.

"ఎప్పుడు?"

"ఉగాది ముందర."

"అప్పుడేంటికి వచ్చి అడగలా?"

"అడిగితే చెప్తారో చెప్పరోనని భయపడినా."

"వేరే మాటలకు నాకు నోరు రాదు. చేపల సంగతి అడిగితే ఎవురికైనా చెప్తా."

ఆ మాట నిజమే. మూడేళ్లుగా కుళ్లాయప్ప నోట చేపల మాట తప్ప ఇంటి మాట రాలేదని బజారంతా అంటుంది.

ఓబిలేష్‌కు పాపం ఆ పిల్లను చూస్తే జాలేసింది. అంత చిన్న చేపకు ఇంత బాధా! ఇక ఉండబట్టలేక అనేశాడు.

"అక్కా, ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దు. ఈయప్ప మాట నమ్మొద్దు. మోలీ నెలకే పిల్లల్ని పెడతాది. ఆరు వారాలాయె, నీది ఇంకా కడుపుతోనే ఉండాదా? అది కడుపన్నా కాదు, లేకుంటే ఈయప్పకు చేపల గురించి ఏమీ తెలీదు."

ఈశ్వరి తల వంచుకుంది. కుళ్లాయప్ప చెవులు ఎర్రబడ్డాయి.

"కొన్నిటికి ఆలస్యమైతాదిలేప్పా," అన్నాడు ఎట్లాగో.

"నాకు నమ్మకముండాది," అంది ఈశ్వరి. "చెప్పినట్టే చేస్తాండా. ఈ తూరి బాగానే ఉండాది. కానీ పిల్లల్ని పెట్టేటప్పుడే భయం. ఇంట్లో నేనూ, మా ఆయన ఆనందే. తెలిసినోళ్లు ఎవురూ లేరు."

ఆనంద్ పేరు వినగానే కుళ్లాయప్ప వలను తొట్టె అంచుకేసి ఠపీమని కొట్టాడు. లోపల చేపలన్నీ చెదిరిపోయాయి. అవి మళ్లీ ఒకచోటికి చేరేదాకా ఆయన చూస్తూ నిలబడ్డాడు.

"ఆయప్ప బాగా చూసుకుంటాడా... చేపను?"

"కంటికి రెప్ప మాదిరి."

కుళ్లాయప్ప వలను పక్కన పెట్టాడు. తడిచేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు.

"కాన్పు కొత్త తొట్టెలో వద్దు. అది పుట్టి పెరిగిన తొట్టె ఈడే ఉండాది. మా ఇంటామె లక్ష్మీదేవి అప్పుడే కడిగి పెట్టింది. చూసుకుంటాది."

ఈశ్వరి కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. "నిజంగా తెమ్మంటారా?"

"తెచ్చేదేంది, నేనే వస్తా. బస్సు వద్దు, కారు మాట్లాడతా. గురువారం మంచి దినమంట."

"చేపకు కారా!" ఓబిలేష్ నోరు తెరిచాడు.

కుళ్లాయప్ప బల్ల కింద నుంచి పొట్లం తీశాడు. కాగితం నిండా నూనె మరకలు. ఆరు వారాల్లో మొదటిసారి వెనక్కి తిరిగి, ఆమె మొహంలోకి చూసి చేతికిచ్చాడు. ఈశ్వరి పొట్లాన్ని వాసన చూసి, ఏడుస్తూనే నవ్వింది. బస్టాండు వైపు నడిచింది.

"అమ్మిన చేపను కారులో వెనక్కి తెచ్చుకునే అంగడి నేను యాడా చూడలేదన్నా," అన్నాడు ఓబిలేష్. "అసలు ఆయమ్మ ఇంట్లో తొట్టె ఎట్లుండాదో ఒక్కసారన్నా అడిగినావా?"

కుళ్లాయప్ప గడప దగ్గరికి వచ్చాడు. ఆమె మలుపు తిరిగేదాకా గడపలోనే నిలబడ్డాడు.

కూతురింట్లో చేపల తొట్టే లేదని ఆయనకు మొదటి ఆదివారం నుంచే తెలుసు.