వణుకు

"బస్ నాన్నా, ఇంక చాలు, ఈపూటకి ఆరామ్ కరో," అంటూ స్మిత తండ్రి చేతిలోని నీళ్ల సీసా లాక్కుంది.

తవిటయ్య కుర్చీలోంచి వింతగా చూశాడు. "అదేటమ్మా? ఎత్తు, ఎత్తు అని రోజూ కసిరేది నువ్వే కదా!"

"రేపు ప్లాంటులో మెడికల్ బోర్డు కదా. అలిసిపోతావని."

పక్షవాతంతో పడిపోయిన ఆ కుడిచేతికి నెలల తరబడి కసరత్తు చేయించింది తనే. కానీ నిన్న బిర్సానగర్‌లో ఉండే అత్త ఫోన్ చేసి, "మీ నాయన డ్యూటీకి పనికిరాడని బోర్డు రాసేత్తే ఆ ఉజ్జోగం నీకే," అంది. అప్పట్నుంచి ఆ చెయ్యి లేస్తుంటే స్మితకి భయం. ఆ భయానికి సిగ్గు.

తవిటయ్య సీసా తిరిగి తీసుకుని, భుజం దాకా తిన్నగా ఎత్తాడు. "చూసావా? మళ్లీ క్రేన్ ఎక్కీగల్ను."

స్మిత నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆయన కూతురి మొహంలోకి కాసేపు చూశాడు. చెయ్యి దించి, మళ్లీ ఎత్తాడు. ఈసారి సగంలోనే చెయ్యి గడగడా వణికింది. సీసా జారి నేల మీద పడింది.

"నాన్నా!"

"కంగారు పడకు తల్లీ," అన్నాడు తవిటయ్య. "రేపు డాక్టర్ల ముందు ఇలాగ ఒణికితే సరిపోద్దేటి?"