శాంతాబాయి పిల్లి, జానమ్మ కట్లెట్లు

తప్పులుంటే దిద్దుకుని చదవండి. పలక పట్టాల్సిన వయసులో మేకలు కాశాను, మనవరాళ్లు బడికి పోయే వయసులో అక్షరాలు నేర్చాను. ఒత్తులూ దీర్ఘాలూ ఇంకా నా మాట వినవు. చెయ్యి కూడా నిదానం.

జానమ్మ పాపభీతి గల దొంగ.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు హైదరాబాదు నుంచి జవహర్ సాబ్ అనే పెద్ద ఆఫీసరు సూర్యాపేటకు వచ్చాడు. ఆయన బంగళాలో వంట జానమ్మది. సాబ్ భార్య శాంతాబాయి మాంసం ముట్టదు. సాబ్‌కు మాంసం లేకపోతే ముద్ద దిగదు. పిల్లలు లేరు, ఒక తెల్లపిల్లి ఉంది. దాని తిండి ఇంగ్లీషు సీమ నుంచి బొంబాయికి, బొంబాయి నుంచి సూర్యాపేటకు డబ్బాల్లో వచ్చేది.

చేప బొమ్మ వేసిన డబ్బాలో చేప ఉంటుంది. అనాసపండు బొమ్మ వేసిన డబ్బాలో అనాసపండు ఉంటుంది. కనుక పిల్లి బొమ్మ వేసిన డబ్బాలో ఏముంటుందో జానమ్మకు ఇంకొకరు చెప్పే పని లేకపోయింది.

"పిల్లికి పిల్లి మాంసం పెడుతరా! గింత అన్యాలమా!" అని చెంపలు వేసుకుంది.

ఆ పాపం తన చేతుల మీదుగా జరగనివ్వలేదు. పిల్లికి పెరుగన్నం కలిపి పెట్టింది. డబ్బాలోని ముద్దకు అల్లం, మిరియాలు దట్టించి, మిషన్ బంగళాలో నేర్చిన కట్లెట్లు చేసి సాబ్‌కు పెట్టింది. సాబ్ దగ్గరికి వచ్చేసరికి ఆమెకు పాపం సంగతి గుర్తు రాలేదు.

ఇక సాబ్ పేరున తెచ్చిన వేటమాంసం మిగిలిపోయేది. పారేయడమూ పాపమే కదా. జానమ్మ మొగుడు దానియేలు కోదాడ బస్సులో క్లీనరు. పొద్దున్నే మాంసం గిన్నె ఆయనతో పాటు బస్సెక్కి, మునగాలలో లింగస్వామి హోటల్ ముందు దిగేది. ఇంటి మీది తాటాకు పీకి పెంకులు వేయించాలని మొగుడూపెళ్లాల ఆశ.

"దొరికితే ఎట్లనే?" అని దానియేలు అప్పుడప్పుడు వణికేవాడు. వణకడంలో తప్పులేదు. ఆ రోజుల్లో జైలుకు పోవడానికి నేరం చెయ్యాల్సిన అవసరమే లేదు, చేసినవాడికి ఇంకెంత మర్యాద జరుగుతుందో!

"ఎట్ల దొరుకుతమయ్యా? పిల్లికి నోరు లేదు. సాబ్ పళ్లెం సూడు, అద్దం లెక్క ఉంటది. నువ్వు పెంకుల సంగతి సూడు."

నిజమే. సాబ్ బల్ల ముందు కూర్చోగానే పిల్లి ఆయన కాళ్ల దగ్గర చేరేది. ఆయన లేచేసరికి పళ్లెంలో పలుకు మిగిలేది కాదు. పెరుగన్నం మీద పిల్లి కూడా గుమ్మడికాయలా బలిసింది. అంతా తన చేతి చలవే అనుకుంది జానమ్మ. సాబ్ మాత్రం, పాపం, డ్యూటీ మనిషి. చెయ్యి కడుక్కున్న తడి ఆరకముందే కోదాడ రోడ్డు తనిఖీ అంటూ జీపెక్కేవాడు.

ఒకనాడు బొంబాయి దుకాణం నుంచి తంతి వచ్చింది. శాంతాబాయి చదివి కుర్చీలో కూలబడింది.

"జానమ్మా! కొత్త పెట్టెల డబ్బాలు అన్ని ఖరాబైనయంట. కంపెనీవాళ్లు వాపసు అడుగుతున్నరు. తింటే వాంతులంట, బొచ్చు ఊడుతదంట! నా పిల్లికి పెట్టినవా?"

"రోజూ పెడుతనే ఉన్న గదమ్మా," అంది జానమ్మ. ఇంకేమంటుంది?

పశువుల డాక్టరు వచ్చాడు. బర్రెలను తప్ప దేనినీ ముట్టని మనిషి. పిల్లి ఎటో తిరగబోయింది.

"ఆ డబ్బా తిన్న జీవం లేచి నిలబడదమ్మా. నిలబడ్డదంటే తిననట్టే లెక్క. దొరికినంక పిలువుండ్రి, సూస్త," అని వరండాలో చాయ్‌కి కూర్చున్నాడు.

జానమ్మ లెక్క వేసుకుంది. పిల్లి చక్కగా నడిచివస్తుంది. అప్పుడు డబ్బాలు ఎవరు తిన్నారని అడుగుతారు. సాబ్ వైపు చూసింది. ఆయన ఈల వేసుకుంటూ బూట్లు తొడుక్కుంటున్నాడు. ఒక్క వెంట్రుక ఊడలేదు.

ముందు పిల్లిని ఎట్లాగైనా రోగిష్టిని చేయాలని ఆముదం సీసా కొంగులో దాచుకుని వెతకబోయింది. కట్టెల చాటున కనబడింది పిల్లి. వాంతి మీద వాంతి. వీపు మీద బొచ్చు కుచ్చులుగా రాలింది.

"యేసయ్యా, నీకు స్తోత్రం!" అంది జానమ్మ. అన్నాక ఆమె తల తిరిగింది. తిన్నవాడు దున్నపోతులా ఉన్నాడు. తిననిది వాంతులు చేసుకుంటోంది.

డాక్టరు మందు పోసి, ప్రాణానికి భయం లేదన్నాడు. డబ్బాలు తిన్నది పిల్లేనని ఖాయం చేశాడు. జానమ్మ నిజాయితీకి ఒక సర్కారీ సాక్షి దొరికాడు.

సాయంత్రం సాబ్ వంటింట్లోకి వచ్చి తలుపు వేశాడు.

"జానమ్మా, శాంతకు చెప్పకు. పిల్లి రోగం డబ్బాలతోటి కాదు."

"మరి ఎందుకొచ్చింది సాబ్?"

"నీ కట్లెట్లతోటి. నువ్వు పనిల చేరిన కాన్నుంచి ఒక్కటి నా గొంతు దిగలే. అన్నీ బల్ల కిందికెల్లి దానికే ఏసిన."

"మరి ఇన్ని దినాలు మీరేం తిన్నరు సాబ్?"

సాబ్ మొహం వెలిగిపోయింది.

"మునగాలల లింగస్వామి హోటల్ లేదూ? యాటకూరంటే అదీ! గంత మంచి మాంసం ఏడ తెస్తవురా అంటే చెప్పడు బద్మాష్. నీ మొగుడు గా దారిలనే తిరుగుతడు గద, జర కనుక్కోమను. రేపటికెల్లి మనింటికి గూడ ఆడికెల్లే తెప్పిద్దాం!"

కుక్కడపు పిచ్చమ్మ,
డెబ్బై రెండేళ్లు,
ఇప్పుడు ఉండేది గరిడేపల్లిలో, కూతురింట్లో.