లేవొద్దు, కూర్చొనే తొక్కు

"ముట్టుకోవద్దక్కా. నీ బండా ఏమన్నా?"

నాగజ్యోతి ఆ మాట అనేసరికి సైకిలు నిమురుతున్నామె టక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆత్మకూరు దాటినాక, నల్లమల అంచున ఉన్న గుట్టల్లో ఆ రోజు ఆడవాళ్ల క్రాస్ కంట్రీ సైకిలు పందెం. ఫస్టు వచ్చిన ఒక్కరికే రాష్ట్ర జట్టులో చోటు. సెకండు వచ్చినవాళ్లకు చప్పట్లే.

ఆ అక్కకు ముప్పై ఏళ్లుంటాయేమో. దుమ్ముకు మొహం నిండా చున్నీ చుట్టుకుంది. పక్కన పాత ఇనుప సైకిలు, కదిలితే చాలు గలగలమంటుంది. పందేనికి అలాంటిది తెచ్చుకుని వేరేవాళ్ల బండి నిమురుతూ నిలబడితే ఎవరికి మాత్రం మండదు?

అసలే నాగజ్యోతికి కోపం ముక్కు మీదే ఉంటుంది. పైగా అది మామూలు సైకిలా? టైటానియం. రంగు వెయ్యని బూడిదరంగు గొట్టాలు. ఒంటిచేత్తో ఎత్తొచ్చు. సీటు కింద చిన్న షాక్ అబ్సార్బరు. వెనక చక్రం రాయెక్కితే గొట్టాలే కాస్త వంగి ఆ దెబ్బను మింగేస్తాయి.

నెల కిందట కోచ్ ఓబుళేశు దాన్ని కోడుమూరు తెచ్చి నాగజ్యోతి ఇంటి ముందు దించాడు.

"ఎవరిది సార్?"

"తొక్కేదానికి తెచ్చినా పాపా, పుట్టుపూర్వోత్తరాలు అడిగేదానికి కాదు."

ఇక ఆ పిల్లకు నిద్ర ఎక్కడిది? తెల్లారకముందే చేల దారుల్లో దుమ్ము లేపుతుంటే, కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరంతా నవ్వింది.

నవ్వితే నవ్వనీ. పోయినేడు ఇదే పందెంలో అందరికంటే ముందు పోతుండగా ఆమె సొంత సైకిలు చక్రం విరిగింది. అక్కడే కూర్చుని ఏడ్చింది. గెలిచిందెవరో కూడా కనుక్కోకుండా బస్సెక్కింది. ఈ ఏడు ఆ కసి తీరాలి.

విజిల్ పడింది.

అబ్బ, ఏం పరుగది. ఎర్రమట్టి, పలుగురాళ్లు, తుమ్మముళ్లు, దేన్నీ లెక్కచెయ్యలేదు బండి. మొదటి గుట్ట ఎక్కేసరికి అందరూ వెనకబడ్డారు. నాగజ్యోతికి గాల్లో తేలుతున్నట్టుంది. గట్టిగా కేక పెట్టాలనిపించింది. పెట్టింది కూడా.

వెనక గలగల వినిపించింది.

తిరిగి చూస్తే ఆ ఇనుప సైకిలామె.

"ఈమె యాడ దాపురించిందబ్బా" అనుకుంటూ ఇంకాస్త గట్టిగా తొక్కింది. గలగల తగ్గలేదు.

రెండో గుట్ట మొదట్లో ఎండిన వంక. నిండా గుండ్రాళ్లు. పోయినేడు చక్రం విరిగింది ఇక్కడే. వంక దాటి గట్టెక్కేటప్పుడు నాగజ్యోతి అలవాటు కొద్దీ సీటు మీంచి లేచింది. వెనక చక్రం పట్టు తప్పి జర్రున జారింది. పడబోయి కాలు ఆనించింది.

ఆ సందులో ఇనుప సైకిలు పక్కనుంచి దూసుకుపోయింది.

"లేవొద్దు పాపా, కూర్చొనే తొక్కు" అని అరుస్తూ పోయింది ఆమె.

నాగజ్యోతికి ఒళ్లు మండిపోయింది. దాటిపోయింది చాలక బుద్ధులు కూడా చెప్తాండాదే.

కానీ గుట్ట నిటారుగా ఉంది. లేస్తే జారుతోంది. ఇక దారి లేక పళ్లు బిగించి కూర్చునే తొక్కింది.

అప్పుడు తెలిసింది బండి సంగతి. రాయి తగిలిన ప్రతిసారీ వెనక గొట్టాలు మెత్తగా వంగుతున్నాయి, చక్రం నేలను వదలడం లేదు. ఇన్నాళ్లూ తను దీన్ని సగమే తొక్కినట్టు. నవ్వొచ్చేసింది ఆ పిల్లకు.

గుట్ట పైన ఆమెను అందుకుంది. దిగేటప్పుడు ఇద్దరూ పక్కపక్కనే. కింద చదును నేల మీద జనం కేకలు. గలగల చెవి పక్కనే. ఆమె చున్నీ జారిపోయింది. ఆయాసంతో రొప్పుతూనే నవ్వుతోంది ఆమె కూడా.

ఒక్క చక్రమంత తేడాతో నాగజ్యోతి గెలిచింది.

ఈలలు, కౌగిలింతలు. ఓబుళేశు సారు టోపీ ఎగరేశాడు. రాష్ట్ర జట్టు. నాగజ్యోతి కాలు నేల మీద ఆనడం లేదు.

ఆమె వచ్చి చెయ్యి చాచింది. "శానా బాగా తొక్కినావు పాపా."

నాగజ్యోతి చెయ్యి కలపలేదు. "ఇంకోసారైనా మంచి బండి తెచ్చుకోక్కా" అంది.

చుట్టూ ఉన్న పిల్లలు కిసుక్కున నవ్వారు.

"తెచ్చుకుంటాలే" అని ఆమె కూడా నవ్వింది. ఇనుప సైకిలు నడిపించుకుంటూ రోడ్డు మీదికి పోయి, ఎర్రగుంట్ల పోయే సిమెంటు లారీ ఆపి, సైకిలు పైకెక్కించి తానూ ఎక్కింది.

పతకం మెళ్లో పడ్డాక నాగజ్యోతికి ఆమె గుర్తొచ్చింది.

"ఎవరు సార్ ఆమె? ఆ డొక్కు సైకిలు మీద నన్ను చంపేసింది గదా."

"షాహీనా. పోయినేడు ఫస్టు కొట్టింది ఆమే."

నాగజ్యోతి మొహంలో నవ్వు ఆగిపోయింది. రోడ్డు వైపు చూసింది. లారీ ఎప్పుడో పోయింది.

"ఆ పాప చక్రం విరిగి, నా బండి నిలిచినందుకే గెలిచినానేమో సార్, అని ఏడాదంతా అదే మాట ఆమెకు" అన్నాడు ఓబుళేశు. "ఆ గెలుపు ఒంటికి పట్టలేదు."

"అట్లయితే మంచి బండి మీదే వచ్చి నాతో తేల్చుకోవచ్చు గదా సార్?"

ఓబుళేశు ఆ బూడిదరంగు గొట్టాల మీద చెయ్యేశాడు.

"మంచి బండి ఆమెకు ఉండేది ఇదొకటే పాపా. పోయినేడు గెలిచింది తనా, బండా తేల్చుకోవాలని, పందెం అయ్యేదాకా చెప్పొద్దని ఒట్టేయించుకుని, దాన్ని తెచ్చి నీకియ్యమనింది."