ముప్పై లోపు

"ఇవాళ మీరే తేల్చాలి డాక్టరమ్మా. మా మేనేజరు బాగానే ఉన్నాడంటారు ఆయన. నన్నేమో గదిలోకి రానివ్వరు."

పశువుల డాక్టరు హెడ్‌ఫోన్ సర్దుకుని ఎదురుగా ఉన్న కాగితం చూసింది. ఆసుపత్రికి రాలేనంత దూరాన ఉన్నవాళ్ళకి ఫోన్లోనే వైద్యం చెప్పే గది అది. మేనేజరంటే కుక్క. పనేమీ చెయ్యకుండా వచ్చేపోయే వాళ్ళందరి మీదా అరుస్తుందని ఇంటాయన పెట్టిన పేరు. దానికి గుండె జబ్బు. నిద్రలో ఊపిరి నిమిషానికి ముప్పై దాటకూడదు. మొన్న ముప్పై నాలుగు. నిన్న నలభై రెండు. నిన్ననే డాక్టరు మందు పెంచింది. ఆసుపత్రి వ్యాను అటు వెళ్ళేది ఎల్లుండి.

"ఫోన్ వాడి ముక్కు దగ్గర పెట్టండమ్మా."

"కింద కూర్చుందామంటే నా మోకాళ్ళు నా మాట వినవుగా. ఆయనకే ఇస్తాను. ఏమండీ, తలుపు తియ్యండి. డాక్టరమ్మ."

తలుపు కిర్రుమని తెరుచుకుంది. మళ్ళీ మూసుకుంది. నేల మీద చెప్పులు ఈడ్చిన చప్పుడు. ఎవరో మూలుగుతూ కిందికి వంగారు.

"పడుకున్నాడు," అంది మగ గొంతు, గుసగుసగా. "పెట్టాను. వినండి."

ఆమె కళ్ళు మూసుకుంది. ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఊపిరులు ఆమె వెంట ఇంటికి వస్తున్నాయి. తింటున్నప్పుడు, బస్సులో పక్క సీటు వాళ్ళు కునుకు తీస్తున్నప్పుడు, తనకి తెలియకుండానే లెక్కపెడుతుంది. కొన్ని మర్నాడు ఆగిపోయినవి. అవి కూడా వస్తాయి.

ఒకటి. రెండు. నిదానంగా వస్తోంది. ప్రతి ఊపిరి చివరా సన్నని ఈల. అర నిమిషానికి తొమ్మిది. అంటే పద్దెనిమిది. ఏ మందూ ఒక్క రోజులో ఇంత పని చెయ్యదు.

"ఎన్నొచ్చాయండీ?" తలుపు అవతల నుంచి భార్య అడిగింది.

ఊపిరి ఆగిపోయింది.

నిద్రపోతున్న కుక్క, ప్రశ్న విని ఊపిరి బిగపట్టదు.

డాక్టరు చేతిలోని పెన్ను కాగితం మీద అలాగే నిలిచిపోయింది. "అయ్యా," అంది మెల్లగా, "ఎప్పుడు?"



"తెల్లవారుజామున. దుప్పటి కప్పాను." ఈల ఇప్పుడు మాటల మధ్య కూడా వినబడుతోంది. "మా ఆవిడ నిన్నటి నుంచి ఏమీ తినలేదు. ఇంకొక్క పూట గడవనివ్వండి, నేనే చెప్పుకుంటాను. ప్రస్తుతానికి బాగుందనండి."

ఆ గది ఆమె కళ్ళకి కట్టింది. దుప్పటి కింద ఒకరు. ఆ పక్కనే నేలకి చెంప ఆనించి మరొకరు. ఇద్దరికీ కలిపి ఒకటే ఊపిరి.

ఆ కాగితం మీద ఆమె ఎన్నడూ అబద్ధం రాయలేదు. ఇప్పుడు కూడా రాయదలచుకోలేదు. పెన్ను మూత పెట్టేసింది.

"ఫోన్ ఆవిడకివ్వండి."

తలుపు కిర్రుమంది.

"ఎన్నమ్మా?"

"పద్దెనిమిది. ముప్పై లోపే. బాగుంది."

"బాగుందటండీ," అని భార్య గది వైపు తిరిగి గట్టిగా చెప్పింది. "విన్నారా?"

"నేను చెప్పలేదూ," అంది లోపలి గొంతు.

తర్వాత అడుగులు ఒక్కొక్కటే దూరంగా నడిచాయి. ఎక్కడో పంపు తిప్పిన చప్పుడు. ఖాళీ బకెట్లో నీళ్ళు హోరున పడసాగాయి. ఆ హోరులోంచి భార్య గొంతు, ఫోన్‌కి మరీ దగ్గరగా వచ్చింది.

"వాడు పోయాడని నాకు తెలుసమ్మా. పొద్దున ఆయన మొహం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు దుప్పటి ఎత్తి చూశాను. వాడి కోసం తర్వాత ఏడుస్తాను."

డాక్టరు హెడ్‌ఫోన్ చెవికి అదుముకుంది. "మరి... నాకెందుకు ఫోన్ చేశారు?"

"ఆయన ఊపిరిలో ఆ ఈల ఆరు నెలలుగా వింటున్నాను, ఏ డాక్టరు గడపా తొక్కనంటారు, ఫోన్ చేతికిస్తే నా కోసం తనే ఊపిరి వదుల్తారని తెలుసు... మీరు విన్నారుగా, ఇప్పుడు నిజం చెప్పండి, మా ఆయనకి ఎలా ఉంది?"