పాడ్రోన్‌కి పదేళ్ళు

"ఆరేళ్ళా?" రస్ కిల్‌గోర్ కుర్చీలోంచి దిగ్గున లేచాడు. "ముప్పై ఎనిమిదేళ్ళ పాడ్రోన్‌కి ఆరేళ్ళ కాంట్రాక్టా? సార్, తమాషాకి అంటున్నారు కదూ?"

"కూర్చోవయ్యా. తమాషా చేసేటప్పుడు ముందే చెప్తాలే," అన్నాడు స్టాడ్లర్.

బఫెలో బేస్‌బాల్ టీముకి స్టాడ్లర్ ఓనరు, కిల్‌గోర్ జనరల్ మేనేజరు. ఆటగాళ్ళని ఎంచడం, కాంట్రాక్టుల మీద సంతకం పెట్టడం కిల్‌గోర్ ఉద్యోగం. సంతకం వరకూ నిజమే. ఎంపిక మాత్రం పదకొండేళ్ళుగా స్టాడ్లర్ ఇంట్లో, ఆదివారం భోజనాల దగ్గర, ఆయన మనవరాలి సలహాతో జరిగిపోతోంది. కిల్‌గోర్ వద్దన్నవాళ్ళందరూ వచ్చారు. వచ్చినవాళ్ళందరూ మోకాళ్ళకి ఐసు కట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. పేపర్లలో చివాట్లు మాత్రం కిల్‌గోర్‌కి పడ్డాయి.

"సార్, అతని ఎడమ మోకాలికి రెండు ఆపరేషన్లయ్యాయి. అతను రెండో బేసుకి చేరేలోపు నేను వెళ్ళి కాఫీ తాగి రావచ్చు."

"వాడికి పరుగెందుకయ్యా? వాడు కొడితే బంతి వెళ్ళి పార్కింగులో నా కారు అద్దం పగలగొట్టింది!"

"అది తొమ్మిదేళ్ళ కిందట. అప్పుడతను మనమీద ఆడుతున్నాడు."

"అందుకేగా ఇప్పుడు మనకి ఆడమంటున్నాను."

"పోనీ రెండేళ్ళు ఇద్దాం. మీ ముచ్చటా తీరుతుంది, నా పరువూ దక్కుతుంది."

"ఆరు. వాడి ఏజెంటు కింద కూర్చునే ఉన్నాడు. నాలుగింటికల్లా సంతకం పెట్టి పట్టుకురా."

కిల్‌గోర్ తన గదిలోకొచ్చి తలుపు ధడాలున వేసుకున్నాడు. ఒళ్ళు మండిపోతోంది. మెట్టుమెట్టుగా పైకి తెచ్చిన కుర్రాళ్ళని పక్కన కూర్చోబెట్టి ఆరేళ్ళపాటు ఆ మోకాలిని మొయ్యాలి. మోసేది తను, ఊరేగేది ముసలాయన.

అప్పుడే ఫోను మోగింది.

"కిల్‌గోర్ గారూ, నా పేరు మార్గో ఆస్ట్రాండర్. నేనొక బేస్‌బాల్ టీము కొంటున్నాను. మీరు దానికి జనరల్ మేనేజరుగా ఉండాలి."

ఆవిడ పేరు తెలియనివాళ్ళు లేరు. సాఫ్ట్‌వేర్ కంపెనీ అమ్మేసి, చేతిలో డబ్బూ ఎదురుగా తీరికా పెట్టుకున్న మనిషి.

"ఏ టీము మేడమ్?"

"శుక్రవారం దాకా చెప్పకూడదు. మా లాయర్లు నా నోరు కుట్టేశారు. కానీ ఒక్క మాట ఇస్తున్నాను. మీరు సంతకం పెట్టినదాన్ని నేను కాదనను. మీరు వద్దన్నదాన్ని నేను ముట్టుకోను."

పదకొండేళ్ళుగా ఆ మాట కోసం చెవులు కాయలు కాశాయి. కిల్‌గోర్ ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాడు. పశ్చిమ తీరంలో ఒక టీము అమ్మకానికి ఉందని నెల రోజులుగా పేపర్లు రాస్తూనే ఉన్నాయి. ఇది అదే అయ్యుంటుంది. కిటికీ బయట బఫెలో మంచు అడ్డంగా కురుస్తోంది.

"వస్తున్నాను మేడమ్," అన్నాడు.

ఫోను పెట్టేశాక గదిలో ఒక్కడూ నవ్వుకున్నాడు. నవ్వు ఆగాక రాజీనామా రాసి జేబులో పెట్టుకుని కిందికి దిగాడు.

పాడ్రోన్ ఏజెంటు లోమాక్స్ గభాల్న లేచి నిలబడ్డాడు. "రస్, ఆరు కుదరకపోతే ఐదైనా... నాలుగైనా..."

"పది రాయి."

లోమాక్స్ వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరితోనైనా అంటున్నాడేమోనని.

"పదే! పాడ్రోన్ సరేనంటే తప్ప అతన్ని ఏ టీముకీ పంపకూడదని కూడా రాయి. తర్వాత ఎవరెంత పీకినా ఊడకూడదు."

"ఒంట్లో బాగానే ఉందా నీకు?"

"ఇంత బాగా ఎప్పుడూ లేదు."

కాంట్రాక్టు తయారై వచ్చింది. కిల్‌గోర్ తన పేరంతా పొడుగ్గా, ఒక్క అక్షరం మింగకుండా సంతకం చేశాడు. ఏ మ్యాచి గెలిచినప్పుడూ అతనికంత సంతోషం కలగలేదు. ఏడాది తిరిగేసరికి పాడ్రోన్ కర్ర పట్టుకుని నడుస్తాడు. ఇంకో తొమ్మిదేళ్ళు ముసలాయన ఆ కర్రకేసి చూస్తూ కూర్చోవాలి. కూర్చోనీ!

స్టాడ్లర్ కాగితం చదివి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. "పదా? నువ్వే ఇచ్చావా?"

"మీ ముచ్చట చూసి మనసు కరిగింది సార్."

"పదకొండేళ్ళకి బుద్ధొచ్చిందయ్యా నీకు!" దగ్గొచ్చేదాకా నవ్వాడు ముసలాయన. ఆ నవ్వులోనే కిల్‌గోర్ రాజీనామా ఆయన చేతిలో పెట్టాడు. స్టాడ్లర్ ఎందుకని అడగలేదు, ఉండమని బతిమాలనూ లేదు. మడిచి జేబులో వేసుకున్నాడు.

శుక్రవారం న్యూయార్క్‌లో, హోటల్ హాలు నిండా విలేకరులు. కిల్‌గోర్ కొత్త చలవ కళ్ళద్దాలు కోటు జేబులో పెట్టుకుని వేదిక వెనక గదిలోకి వెళ్ళాడు. మార్గో ఆస్ట్రాండర్ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"రండి, రండి! అన్నట్టు మీ రాజీనామా చించి పారేశాను. స్టాడ్లర్ గారు నిన్ననే పంపారు."

"మీకా? మీకెందుకు పంపారు?"

"ఆయన టీముని కొన్నది నేనేగా! అమ్మకం మాట్లాడుకున్నాక ఆయన నా అనుమతి లేకుండా పెద్ద కాంట్రాక్టు ఏదీ ఇవ్వకూడదు. పాడ్రోన్‌కి పదేళ్ళనగానే మా లాయర్లు లబోదిబోమన్నారు. 'కింద కిల్‌గోర్ గారి సంతకముంది, నోరు మూసుకోండి' అని నేనే ఒప్పేసుకున్నాను!"