తువ్వాలు మీద కూర్చునే ఉద్యోగం

మెడలో కట్టిన బిళ్ల, కోపాన్ని పుట్టకముందే చంపేసే రోజులవి. వినోదం కోసం నడిపే పాత ఆవిరి బండి స్టేషనులో మాత్రం బిళ్లలు తీసేస్తారు. టిక్కెట్టు కొన్నవాళ్లు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసి, దానిమీద కూర్చున్న అసిరయ్యను తన్నవచ్చు. తన్నులు తినడమే అతని ఉద్యోగం. తిరిగి కొడితే ఊడుతుంది.

ఆ పూట ఒక పెద్దమనిషి మరచెంబుతో అతని మొహం పగలగొట్టాడు. "తువ్వాలు కనబడలేదా? నీ కళ్లు మీ అమ్మ అమ్ముకుందా?"

అసిరయ్య పిడికిలి లేచింది. ముందుపన్ను ఊడి, పెద్దమనిషి ప్లాట్‌ఫారం మీద పడ్డాడు.

"నా కూడు పోనాది బావూ!" అసిరయ్య, పరుగున వచ్చిన స్టేషను మేనేజరు కాళ్లు పట్టుకున్నాడు.

పెద్దమనిషి నెత్తురు ఉమ్మి నవ్వాడు. "అబ్బ! ఇప్పుడు కదా రైలెక్కినట్టుంది!"

"ఒరే అసిరీ, రేపట్నుంచి నువ్వూ కొట్టాల," అన్నాడు మేనేజరు.

మర్నాడు మొదట వచ్చిన ముసలమ్మ తువ్వాలు విసిరి, కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. "కానీ నాయనా, గట్టిగా."

మేనేజరు చూస్తున్నాడు. అసిరయ్య కళ్లు మూసుకుని కొట్టాడు.